అడుగు కవచము

బండి ముఖమును అందరును చూతురు. దాని కడుపును వంగి చూచువారు అరుదు. మేమును ఒకనాటి సాయంకాలము వరకు అట్టి పనికి పూనుకొనలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కొండగ్రామమువారి కోతపాటలను ధ్వనిముద్రణ చేసికొని రావలెనని బయలుదేరితిమి. వానలు వెలిసి పది దినములే అయినది. మా కారు ఎక్కలేని దారి అగుటచే, సైన్యమువారి వేలములో కొని సరకులు మోయించుచున్న ఒక టన్ను పాత ట్రక్కును ఒకరు మాకొరకు పంపిరి. మూడవ వాగు దాటి ఒడ్డు ఎక్కుచుండగా క్రింద ఠంగుమని చప్పుడైనది. డ్రైవరు మరుక్షణమే ఇంజను ఆపివేసెను. అతడు వృద్ధుడు, మితభాషి. దిగి, చక్రము ప్రక్కన మోకరించి చూచి, మావైపు తిరిగి, "దిగండయ్యా! బండికి నెత్తురు పోతోంది" అనెను. రాళ్ళపై నల్లని నూనె ధారగా కారుచుండెను.

మా పాటలు ఆ దినము కాకున్న మరియొక దినము దొరకును. కాని ఆ గ్రామమునకు ఉన్నది ఆ బండి ఒక్కటియే. పురిటినొప్పులు పడు స్త్రీని గాని, పాము కరచిన వానిని గాని తారురోడ్డుకు చేర్చునది అదియే. అది లేనినాడు డోలీ కట్టి భుజములపై మోయవలసినదే. ఆ ట్రక్కు మరల నడచుటకు పదునొకండు దినములు పట్టినది. ఆ దినములలో ఎవరికిని ఆపద రాకపోవుట అదృష్టము. అదృష్టమును నమ్ముకొని బండి నడుపరాదని ఆ డ్రైవరును, దిగువ ఊరిలోని షెడ్డు మేస్త్రీయును నిశ్చయించుకొనిరి. ట్రక్కు అడుగున ఇనుప కవచము ఒకటి స్వయముగా తయారుచేయ పూనుకొనిరి. మేము తీరిక దొరకినపుడెల్ల పోయి ఆ పనిని చూచితిమి. వారు మొదట చేసిన పొరపాటును, పిమ్మట దిద్దుకొన్న విధమును నేడు తమకు విన్నవింతుము.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. "సైన్యపు బండి గదా, దేనికైన తట్టుకొనును" అని పలువురు అనుకొందురు. మన దేశములో జబల్‌పూరు కర్మాగారములలో 1959 నుండి శక్తిమాన్ ట్రక్కులును, తరువాతి దశకములలో ఒక టన్ను నిస్సాన్ ట్రక్కులును, 1969 నుండి 1999 వరకు జోంగాలును తయారైనవి. అవి గట్టి బండ్లే. కాని సైన్యములో ఏ బండియు ఒంటరిగా పోదు. బారులుతీరి పోవు బండ్లలో ఒకటి చెడినచో లాగుటకు వేరొక బండియు, బాగుచేయుటకు మనుష్యులును, మార్చుటకు విడిభాగములును వెనుక వచ్చును. వేలములో కొన్నవానికి ట్రక్కు దొరకును గాని ఆ పరివారము దొరకదు. ఆ లోటును కొంతవరకైన తీర్చునదే అడుగు కవచము.

దొరకిన ఇనుముతో బండిని కాపాడుకొనుట క్రొత్త విద్య కాదు. అమెరికా సైన్యపు జాబితాలో జీపు పేరు పావు టన్ను ట్రక్కు. 1944లో ఇటలీలోను ఫ్రాన్సులోను జీపులు నడపినవారికి ఒక క్రొత్త గండము వచ్చినది. ముందరి అద్దము దించుకొని పోవువారి మెడలకు తగులునట్లు శత్రువులు దారికి అడ్డముగా సన్నని తీగ కట్టుచుండిరి. మరమ్మతు పనివారు ముందరి బంపరుకు ఒక ఇనుప కమ్మీని నిలువుగా అతికి, కొనను ముందునకు కొక్కెమువలె వంచిరి. తీగ ఆ కొక్కెములో చిక్కి తెగిపోయెడిది. ఒక్క కమ్మీ ఎందరి ప్రాణములనో కాపాడినది.

అంతకు ముందు, 1940లో, రాల్ఫ్ బాగ్నోల్డ్ అను బ్రిటిషు సైనికాధికారి ఈజిప్టులో ఎడారి దళము నొకదానిని నిర్మించెను. ఆ దళమువారు తమ షెవ్రోలే ట్రక్కుల తలుపులను, పైకప్పులను, అద్దములను ఊడదీసి ముందుగా బరువు తగ్గించిరి. చేర్చినవి మాత్రము ఎంతో అవసరమైనవి. రేడియేటరు నుండి ఒక గొట్టమును ప్రక్కనున్న నీటి డబ్బాలోనికి దింపిరి. నీరు మరగి వెలువడిన ఆవిరి ఆ డబ్బాలో చల్లారి నీరగును. ఇంజను చల్లబడినపుడు ఆ నీరే మరల రేడియేటరులోనికి పీల్చబడును. నీటిచుక్క దొరకని ఎడారిలో ఇంతకు మించిన కవచము ఏది? ఈ రెండు ఉదాహరణములును ఒకే మాట చెప్పుచున్నవి. మొదట గండము ఎక్కడనున్నదో తెలిసికొనవలెను. దానికి సరిపడు ఇనుమునే వాడవలెను.

మరి ట్రక్కు కడుపులో గండము ఎక్కడ నుండును? ఇంజను అడుగున నూనె నిలుచు తొట్టి యున్నది. దానిని సంపు అందురు. పెక్కు బండ్లలో అది పలుచని రేకుతో చేసినది. అది చిల్లిపడి నూనె కారిపోయిన పిమ్మట ఇంజను నడచినచో, లోపలి లోహభాగములు పొడిగా రాచుకొని వేడెక్కి ఒకదానినొకటి పట్టివేయును. మా డ్రైవరు చప్పుడు వినగానే ఇంజను ఆపినందున చెడినది తొట్టి మాత్రమే. మరికొంత దూరము నడపియుండినచో ఇంజనే పోయెడిది. సంపు వెనుక గేరుపెట్టె. దానిని అంటి, నాలుగు చక్రములకును శక్తిని పంచు మరియొక గేరుపెట్టె. ముందు వెనుక ఇరుసుల నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండునవి డిఫరెన్షియళ్ళు. ఇవిగాక ముందు చక్రములను త్రిప్పు స్టీరింగు కడ్డీలు, బ్రేకు గొట్టములు, పెట్రోలు టాంకు కలవు. యుద్ధకాలపు జీపులో నాలుగు చక్రముల బ్రేకులకును నూనె సరఫరా చేయు వరుస ఒక్కటియే. ఒక చోట గొట్టము తెగినచో నాలుగును పోవును. కావున ఏ రాయి ఏ భాగమునకు తగులునో చూడకుండ ఇనుము కోయుట, కొలతలు తీయక చొక్కా కుట్టుట వంటిది.

మా మేస్త్రీ మొదట ఈ తొందరపాటే చేసెను. ఆయనకు ఎక్కడనో పది మిల్లీమీటర్ల మందముగల పలక దొరకినది. మీటరు పొడవు, ఎనుబది సెంటీమీటర్ల వెడల్పు ఉంచి, ఎచ్చటను రంధ్రము వేయక, నాలుగు మూలల చట్రమునకు గట్టిగా బిగించెను. ఇనుము లెక్క సులభమైనది. చదరపు మీటరు పలక ఒక్కొక్క మిల్లీమీటరు మందమునకు దాదాపు 7.85 కిలోలు తూగును. ఆ లెక్కన ఆయన పలక అరువదిమూడు కిలోలు. ఇంచుమించు ఒక మనిషిని బండి క్రింద వ్రేలాడగట్టినట్లే.

నెల తిరుగకముందే ఫలితము తెలిసినది. క్రిందినుండి గాలి ఆడనందున ఎత్తు ఎక్కునపుడు ఇంజను మునుపటికంటె వేడెక్కసాగెను. పలకపై బురద పేరుకొనెను. దానిలో ఎండుటాకులు చేరెను. పొగగొట్టము చెంత ఎండుటాకులు చేరుట నిప్పును ఆహ్వానించుటయే. నూనె మార్చవలెనన్న పలకనంతయు విప్పవలసివచ్చెను. తుదకు ఒక గోతిలో బండి ఒరిగినపుడు రెండు బోల్టులు పుటుక్కున తెగిపోయెను.

బోల్టులు ఏల తెగినవి? ట్రక్కు చట్రము రాతిగోడ కాదు. ఎగుడుదిగుడు నేలలో ఒక చక్రము పైకి, ఒక చక్రము క్రిందికి పోవునపుడు చట్రము కొంచెము మెలితిరుగును. అట్లు తిరుగుట దోషము కాదు, గుణము. నాలుగు మూలల బిగించిన దళసరి పలక ఆ మెలికను అడ్డుకొనును. అడ్డుకొన్నచోట ఏదో యొకటి తెగవలెను. మన ఇండ్లలోని నాలుగుకాళ్ళ పీట మట్టినేలపై కదలును. ముక్కాలిపీట ఏ నేలపైనైన కుదురుగా నిలుచును. మేస్త్రీకి ఈ ఉపాయమును చెప్పినది డ్రైవరే. రెండవ పలకను ముందు రెండుచోట్ల, వెనుక నడుమ ఒకచోట పట్టించిరి. వెనుకటి బోల్టు చుట్టును దళసరి రబ్బరు వేసిరి. చట్రము తన ఇష్టమువచ్చినట్లు మెలితిరుగును. పలక దానితో కలహింపదు.

మందము మాట ఒక చిన్న ప్రయోగముతో తెలియును. ఇంటిలో పిల్లలచేత చేయింపవచ్చును. ఒక పోస్టుకార్డును రెండు గ్లాసులపై వంతెనవలె ఉంచి నడుమ కొన్ని నాణెములు పెట్టుడు. కార్డు క్రుంగును. ఆ కార్డునకే పొడవు అంచులను రెండింటిని వ్రేలి వెడల్పున పైకి మడచి మరల ఉంచుడు. ముందటికంటె ఎన్నో నాణెములను మోయును. కాగితము పెరుగలేదు, బరువు పెరుగలేదు, ఆకారము మాత్రమే మారినది. పలక మందమును రెట్టింపు చేసినచో వంగకుండు శక్తి ఎనిమిది రెట్లగును, నిజమే. కాని బరువును రెట్టింపగును. అంచులు మడచుట వలన బరువు పెరుగకయే బిగువు వచ్చును. మేస్త్రీ రెండవమారు అయిదు మిల్లీమీటర్ల పలక తీసికొని ప్రక్క అంచులను పైకి వంచెను. బరువు సగమైనది. దెబ్బకు ఓర్చుటలో లోటు కానరాలేదు.

పలకకును సంపునకును నడుమ రెండు వ్రేళ్ళ యెడము ఉంచిరి. రాయి తగిలినపుడు పలక కొంత లోనికి వంగును. ఎడము లేనిచో ఆ దెబ్బ సంపునకే చేరును. కవచము ఇంజనునకు గాని గేరుపెట్టెకు గాని కాక చట్రమునకే తగులుకొని యుండవలెనన్న నియమమునకును కారణమిదియే. కవచము దెబ్బను మాయము చేయలేదు. దానిని దుర్బలమైన చోటినుండి బలమైన చోటికి మరల్చును. మేము ఆ షెడ్డులో నేర్చినదానిలో ఇదియే సారము.

చట్రమునకు పట్టించుటలో మరొక జాగ్రత్త కలదు. లారీ చట్రపు దూలము అడ్డముగా కోసి చూచినచో మూడువైపుల మూసిన దోనెవలె నుండును. పై పెదవియు క్రింది పెదవియు బరువులో ఎక్కువ పాలు మోయుచుండును. ఆ పెదవులలో రంధ్రము వేయుటయు, అచట వెల్డింగు చేయుటయు చట్రమును బలహీనపరచును. కర్మాగారమువారే వేసి విడిచిన రంధ్రములు దూలపు నిలువు ముఖమున తరచుగా కనబడును. వానిని వాడుకొనుట మేలు. బోల్టుతో పట్టించినది రేపు విప్పవచ్చును. వెల్డింగుతో అతికినది కోయవలసినదే.

ఇక పలక రూపము. ముందరి అంచును పడవ మూతివలె పైకి లేపవలెను. అప్పుడు రాయి అడ్డుపడక క్రిందుగా జారిపోవును. ఒకటికంటె ఎక్కువ పలకలున్నచో పెంకుటింటి పెంకులవలె అమర్చవలెను. ముందటి పలక వెనుక అంచు తరువాతి పలక ముందరి అంచునకు క్రిందుగా ఉండవలెను. తిరుగవేసినచో ప్రతి అతుకును రాతిని పట్టు నోరగును. వెనుకకు నడపునపుడు మాత్రము అంచు నేలను గ్రుచ్చుకొను అవకాశము కలదు గనుక చిట్టచివరి అంచును కూడ కొంచెము పైకి వంచుట మంచిది. క్రిందికి కనబడు బోల్టుల తలలు గుండ్రనివై యుండవలెను. పలుకోణముల తల రాతికి రాచుకొని అరిగిపోయిన పిమ్మట ఏ స్పానరుకును చిక్కదు. నూనె విడుచుటకు ఒక రంధ్రము, గాలికిని బురద కడుగుటకును మరికొన్ని రంధ్రములు వేయవలెను. వాని అంచులు ఆకురాయితో నునుపు చేయవలెను.

తక్కిన భాగములకు ఇంత శ్రమ పనిలేదు. డిఫరెన్షియల్ క్రింద వంచిన చిన్న పలక చాలును. కాని అది ఇరుసునకే తగులుకొని కమానుల క్రింద నుండు బరువు గనుక తేలికగా ఉండవలెను. దళసరి చేసినకొలది నేలకును దానికిని ఉన్న ఎడము తగ్గును. తలుపుల క్రింది అంచులను రాళ్ళనుండి కాపాడుటకు దళసరి గోడగల ఇనుప పైపును బండి పొడవునా అమర్చి, చట్రమునకు బిగించిన పొట్టి చేతులపై నిలుపుదురు. అది అలంకారపు మెట్టు కాదు. బండి ఒక ప్రక్క బరువంతయు ఒకనాడు దానిపై ఆనవచ్చును. బ్రేకు గొట్టములను చట్రపు దూలము లోపలివైపునకు చేర్చి బిగించుట, రాతిచోట్ల వానిపై చీల్చిన రబ్బరు గొట్టము తొడుగుట చవుకయు శ్రేష్ఠమునైన రక్షణము.

బరువు లెక్క మరువరాదు. యుద్ధకాలపు జీపు తన బరువు సుమారు 1,100 కిలోలు. అది మోయదగిన భారము సుమారు 360 కిలోలు. అట్టి బండికి 120 కిలోల ఇనుము తగిలించినచో మోయు శక్తిలో మూడవవంతు కవచమే తినివేయును. కమానులు క్రుంగును. క్రుంగిన బండి అడుగు రాతికి మరింత చేరువగును. అనగా రక్షణ ఎక్కువై రక్షింపవలసిన అవసరమును పెంచినట్లగును. బాగ్నోల్డ్ దళమువారు తలుపులు ఊడదీసిన రహస్యము ఇదియే.

పని చేయువాని ప్రాణము బండికంటె ముఖ్యము. ఒక్క జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు. చట్రము క్రింద గట్టి దిమ్మెలు గాని స్టాండులు గాని పెట్టి, చక్రములకు అడ్డురాళ్ళు వేసి, బండిని కదపి చూచిన పిమ్మటనే దూరవలెను. పెట్రోలు టాంకు చెంత వెల్డింగు నిషిద్ధము. ఖాళీ టాంకు నిండు టాంకుకంటె ప్రమాదకరము. అందులో నిలిచిన ఆవిరి నిప్పురవ్వకు ప్రేలును. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. జింకుపూత గల నీటిపైపులను అట్లే వెల్డింగు చేసినచో వెలువడు తెల్లనిపొగ జ్వరము తెప్పించును. పూతను గీకివేసి, గాలి ఆడుచోట పని చేయవలెను.

ముందువైపున పెద్ద పెద్ద పైపులతో గార్డు కట్టుటను గూర్చి ఒక్క మాట. అడవిలో కొమ్మలను త్రోయుటకు అది పనికివచ్చును. కాని ఊరిలో పాదచారి దానికి తగిలినచో, వంగి దెబ్బను తగ్గించు రేకునకు బదులు వంగని ఇనుము అతనిని ఢీకొనును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండి నిర్మాణమును ఇష్టానుసారముగా మార్చుటను అనుమతింపదు. ముందరి గార్డులు ఆ సెక్షనునకు విరుద్ధములని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు తెలియజేసినది. కావున ఇనుము కొనుటకు ముందే రవాణాశాఖ కార్యాలయములో విచారించుట వివేకము. మా మేస్త్రీ ముందు గార్డు జోలికి పోనేలేదు. ఆయన దృష్టి అంతయు అడుగుననే యుండెను.

మరుసటి యేడు వానలు వెలిసిన పిమ్మట, మిగిలిన పాటలకొరకు మేము మరల ఆ ట్రక్కులోనే పోయితిమి. ఆ మూడవ వాగు ఒడ్డున అదే ఠంగుమను చప్పుడు వినవచ్చినది. మా గుండె జల్లుమన్నది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, చూచి, ఒక్క మాటయు అనక మరల ఎక్కి బండి నడిపెను. గ్రామము చేరిన పిమ్మట ఒక బిందెడు నీళ్ళు తెప్పించి పలకను కడిగి, మమ్ములను పిలిచి చూపెను. ఇనుముపై తెల్లని గీతలు అడ్డదిడ్డముగా పడియున్నవి. ఒకచోట గుప్పెడంత సొట్ట.

"ఇవన్నీ సంపుకు తగలాల్సినవయ్యా" అని అతడు ఆ సొట్టను బొటనవ్రేలితో తడవి చూచెను.

ఆ రాత్రి పాటలు ముగియుసరికి చాల ప్రొద్దుపోయినది. మేము ధ్వనిముద్రణ యంత్రమును సర్దుకొనుచుండగా డ్రైవరు బండిని ఊరి మొగదలకు త్రిప్పి, తారురోడ్డు వైపు ముఖము పెట్టి నిలుపుచుండెను. ఎందుకని అడిగితిమి. ఆ యింటిలో ఒక కోడలికి నెలలు నిండినవని చెప్పెను.